రోమాలా? రోమావాళ్ళా?

సందేహం: మా సంస్థ కోసం ఐరోపా సమాఖ్య పత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఐరోపా దేశాల్లో మైనారిటీగా బతికే రోమా ప్రజల సమానత్వం కోసం 2020 అక్టోబరులో ఐరోపా కమిషన్ 2030 దాకా ప్రకటించిన విధానం అది. శీర్షిక 'రోమాల సామాజిక విలీనం' అని పెడితే మా సార్ నవ్వి, 'జిప్సీల సమ్మిళితం' అని దిద్దారు. ఏది ఒప్పు? రోమా అన్న మాట రోము నగరాన్నిబట్టి వచ్చిందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ సార్ నవ్వటంలో న్యాయం ఉంది, దిద్దటంలో లేదు.

తెలుగువాడికి రోమాలంటే ఒంటిమీద వెంట్రుకలే. 'రోమాల హక్కులు' అని చదివి ఎవరైనా క్షౌరశాల గొడవేమో అనుకుంటే తప్పు వాళ్ళది కాదు. అసలు రోమా అన్నదే బహువచనం. ఏకవచనం రోమ్, ఆడమనిషి అయితే రోమ్ని. బహువచనం మీద మళ్ళీ బహువచనం తగిలించే జబ్బు ఈమధ్య మనకు ముదిరింది. 'డేటాలు', 'మీడియాలు' అని అచ్చులో చూసి ఊరుకోవటం నేర్చుకున్నాను గానీ, ఇక్కడ అర్థమే మారిపోతోంది. రోమీయులు అనీ రాయకండి, వాళ్ళు బైబిల్లో పత్రిక అందుకున్నవాళ్ళు. రోముతోగానీ రుమేనియాతోగానీ పుట్టుకలో ఈ మాటకు చుట్టరికం లేదు.

చుట్టరికం ఉన్నది మనవైపు. రోమ్ అంటే వాళ్ళ భాషలో మగవాడు, మొగుడు. మూలం సంస్కృతంలోని డోంబ శబ్దం. ఆటపాటలతో బతికే ఒక కులానికి అది పేరు. పదాదిలోని డకారం ఐరోపా చేరినవాళ్ళ నోట రేఫ (రకారం) అయింది. అర్మేనియా వైపువాళ్ళు లోమ్ అనీ, సిరియా, పాలస్తీనా వైపువాళ్ళు డోమ్ అనీ చెప్పుకుంటారు. ఆ భాష భారతదేశానిదని 1782లోనే రూడిగర్ అనే జర్మన్ పండితుడు మాటలు పోల్చి చూపించాడు. మీరూ పోల్చుకోవచ్చు. నీళ్ళు పానీ, ముక్కు నాక్, చెవి కాన్, ఉప్పు లోన్ (మన లవణమే). భాష పేరు రోమనీ ఛిబ్, ఆ ఛిబ్ మన జిహ్వ. క్రైస్తవ దేశాలకు వెళ్ళాక శిలువకు కొత్తమాట వెతుక్కోకుండా త్రుషుల్ అన్నారు, అంటే త్రిశూలం. చర్చిలో ఫాదరీ రషాయ్, అంటే ఋషి! అంకెలు ఆరు దాకా మన వాసనే. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం గ్రీకువి: ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా. పదికి మళ్ళీ మన దశ, దేష్ అయి కూర్చుంది. దారిలో గ్రీకువాళ్ళ మధ్య ఎంతకాలం మసిలారో చెప్పటానికి ఆ మూడు అంకెలు చాలు.

డోంబ అనగానే నాకు కల్హణుడు గుర్తొస్తాడు. కశ్మీర రాజుల చరిత్రగా ఆయన రాసిన రాజతరంగిణిలో ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివానో. పదో శతాబ్దంలో కశ్మీరాన్నేలిన చక్రవర్మ కొలువుకు రంగుడనే డోంబ గాయకుడు కూతుళ్ళు హంసి, నాగలతలను వెంటబెట్టుకుని వస్తాడు. పాట విని మైమరచిన రాజు హంసిని రాణిని చేసుకుంటాడు, రంగుడికి హేలు అనే ఊరు అగ్రహారంగా ఇస్తాడు. ఇచ్చాడన్నమాటేగానీ పత్రం రాయాల్సిన ఉద్యోగి రాయడు. రంగుడు తిన్నగా కచేరీకి పోయి, "దాసీపుత్రుడా, 'రంగస్స హేలు దిణ్ణ' అని ఎందుకు రాయవు?" అని గద్దిస్తాడు. ఆయన హడలిపోయి రాస్తాడు. రంగడికి హేలు ఇచ్చారు అని దానర్థం. మన ఆఫీసు తెలుగులో అయితే 'మంజూరు చేయబడియున్నది' అని సాగదీసేవాళ్ళు. కల్హణుడికి డోంబులంటే ఈసడింపే, దాచుకోడు కూడా. అయినా సంస్కృత కావ్యం నడుమ ఆ మూడు ముక్కలనూ మనిషి నోట వచ్చిన భాషలోనే ఉంచాడు.

మీరు అనువదిస్తున్న విధానం సంగతీ ఇంతే. దాన్ని బలపరుస్తూ 2021 మార్చిలో సభ్యదేశాల మండలి చేసింది సిఫార్సు మాత్రమే, శాసనం కాదు. రాయాల్సిన గుమాస్తా ఏ దేశానికాదేశంలో ఉన్నాడు.

మన దొమ్మరి కూడా ఈ డోంబలోంచే వచ్చిందా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. కుంభకారుడు కుమ్మరి అయినట్టు, నింబూకం నిమ్మ అయినట్టు, డోంబలోని 'ంబ' ద్విత్వ మకారం కావటానికి అభ్యంతరం లేదు. మొదటి డకారం దకారమైన తీరే నాకింకా పూర్తిగా కొరుకుడు పడలేదు. కాబట్టి అవునని గట్టిగా అనను, కాదని అసలే అనను. శివరాత్రికి శ్రీశైలంలో గడలమీదా మోకులమీదా ఆడేవాళ్ళను అప్సరసలతో, యక్షులతో పోల్చి మురిసిపోయాడు పాల్కురికి సోమనాథుడు. మా ఊరి చెరువుగట్టు కింద చిన్నప్పుడు నేనూ చూశాను. తల్లి డోలు వాయిస్తుంటే, ఎనిమిదేళ్ళ పిల్ల వెదురుగడ అడ్డంగా పట్టుకుని మోకుమీద నడిచింది. దిగాక ఆ పిల్ల అరికాళ్ళు మోకు ఒత్తుకుని ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆ దొమ్మరి అన్న మాటనే మనవాళ్ళు ఆడవాళ్ళను తిట్టటానికి వాడుకున్నారు, ఇప్పటికీ వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితాలో డోమ్, డొంబర అన్న పేర్లు ఈనాటికీ ఉన్నాయి. ఇక్కడ మాటకు చుట్టరికం కుదిరినంతమాత్రాన మనుషులకు కుదిరినట్టు కాదు. 'రోమావాళ్ళంటే మన లంబాడీలే' అని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నాకు ఇప్పటికి అరడజనుమంది పంపారు. లంబాడీ రాజస్థానీకి దగ్గర భాష, రోమనీ దారి వేరు. దయచేసి ఇక పంపకండి.

జిప్సీ మాటకు ఒక వాక్యం చాలు: ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటులోంచి పుట్టింది. 1971 ఏప్రిల్ 8న లండన్ దగ్గర కూడిన వాళ్ళ ప్రపంచ మహాసభ రోమా అన్న పేరే పెట్టుకుంది. బ్రిటన్లో కొందరు తమను జిప్సీలనే చెప్పుకుంటారు కాబట్టి నిషేధం పెట్టను. మీ పత్రంలో మాత్రం వద్దు.

ఇక విలీనం. నది సముద్రంలో విలీనమవుతుంది, ఆ తర్వాత నది ఉండదు. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా 1758 నుంచి 1773 దాకా వరసగా ఫర్మానాలు పంపి చేయబోయింది అదే. పాత పేరు తీసేసి 'కొత్త రైతులు' అనమంది, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళిళ్ళు వద్దంది, పిల్లల్ని లాక్కుని వేరే ఇళ్ళలో పెట్టించింది. సమ్మిళితం కొంత నయమేగానీ, పత్రికలు 'సమ్మిళిత వృద్ధి' అని అరగదీసి అరగదీసి దానికి రుచి లేకుండా చేశాయి. పైగా అది విశేషణం, మీ సార్ నామవాచకం చేసి నిలబెట్టారు.

'చేరిక' అందామా? చెక్ దేశంలోని ఓస్త్రావాలో రోమా పిల్లల్ని బడిలో చేర్చారు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ బడిలో! ఆ ఊరి ప్రాథమిక బడుల్లో వాళ్ళు 2.26 శాతం, ఆ ప్రత్యేక బడుల్లో 56 శాతం అని బాధితులు లెక్క చూపించారు. 2007 నవంబరులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఇది వివక్షేనని తీర్పిచ్చింది. దీనికి మనకు చక్కని మాట ఉంది: బంతిలో వలపక్షం. విస్తరి వేయటంతో పని తీరదు, ఎవరికి ఏం వడ్డిస్తున్నారో చూడాలి. అందుకే కాబోలు 2011 నాటి విధానం పేరులో కలిపేయటమే ఉంటే, 2020 నాటి పేరులో సమానత్వం ముందుకొచ్చింది, పాలుపంచుకోవటం పక్కన చేరింది.

నేనైతే 'రోమా ప్రజలు: సమానత్వం, కలుపుగోలు, భాగస్వామ్యం' అంటాను. కలుపుగోలుకు నిఘంటువులు స్నేహశీలం అనే అర్థం చెబుతాయి. కొంచెం సాగదీస్తున్నానని ఒప్పుకుంటాను. కలుపు అనగానే పొలంలో పీకేసే మొక్క గుర్తొస్తుందని మీ సార్ మళ్ళీ నవ్వితే 'కలుపుకుపోవటం' అని రాయండి. అదీ వద్దంటే చేరికే ఉంచండి. రోమాలు మాత్రం తీసేయండి.