అమ్మలూ, కానిస్టేబుళ్ళకి పాఠాలు చెప్తావట

అమ్మలూ,

మీ నాన్న ఫోన్ చేసి "అక్కా, ఇది బెంగుళూర్లో బంగారంలాంటి ఉద్యోగం మానేసి పోలీసులకి ఫోన్లో ట్రైనింగ్ పాఠాలు తయారుచేస్తుందట, నీ మాటైతే వింటుంది, నాలుగు చివాట్లు పెట్టు" అన్నాడు. ముందు గుండె ఝల్లుమంది, కాసేపయ్యాక మా ఇంటి పిల్లకి ఈ ఆలోచన వచ్చిందా అని కళ్ళు నిండాయి. చివాట్లు ఉన్నాయిలే, మధ్యమధ్యలో పెడతా. అత్త ముప్పై ఏళ్ళకి పైగా మెడ్రాసులో ఖాకీ వేసుకుని తిరిగిందని తెలిసి కూడా నాకొక్క ముక్క చెప్పకుండా ఇంతదాకా వెళ్ళావు చూడు, మొదటి చివాటు దానికే.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తా. డిపార్ట్‌మెంట్ దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకో, ఎవరో ఆఫీసరు నోటిమాటగా సరే అన్నాడని మొదలుపెట్టకు, రేపు ఆయనకి ట్రాన్స్‌ఫర్ వస్తుంది. ఇప్పటికే ఉన్నవాటిని మళ్ళీ తయారుచేయకు, ఐగాట్ కర్మయోగి అని సర్కారు ఉద్యోగుల ట్రైనింగ్ సైట్ ఉంది, అందులో కొత్త చట్టాల మీద కోర్సులున్నాయి, నేరాల రికార్డులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాళ్ళ సంకలన్ యాప్‌లో పాత సెక్షన్ పక్కన కొత్త సెక్షన్ పెట్టి చూసుకోవచ్చు, ముందు అవన్నీ కూచుని చూడు. పాఠాలు బెంగుళూరుకి కన్నడంలో, ఇక్కడికి తమిళంలో ఉండాలి, అదీ పుస్తకం భాష కాదు, స్టేషన్లో మాట్లాడుకునే భాష. నిజం ఎఫ్ఐఆర్ కాపీలు, బాధితుల పేర్లు, ఫోటోలు పాఠాల్లోకి రానేకూడదు, రేప్ కేసుల్లో పేరు బయటపెడితే ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ 72 కింద అదే నేరం, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో ఇంకా గట్టిగా ఉంది. శాంపిల్ కావాలంటే కథ అల్లుకో, నేను సాయం చేస్తా.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు యాప్ గురించి ఆలోచిస్తున్నావు, నేను ఆ యాప్ తెరవాల్సిన మనిషి గురించి ఆలోచిస్తున్నా. కానిస్టేబుల్‌కి టైమ్ ఎక్కడుందే? పొద్దున రోల్ కాల్, ఆ తర్వాత కోర్టు డ్యూటీనో సమన్లు ఇవ్వడమో, మధ్యాహ్నం ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని మౌంట్ రోడ్డు మీద ఎండలో బందోబస్తు, రాత్రికి బీటు. లేడీ కానిస్టేబులైతే అదంతా చేసి ఇంటికొచ్చి నీళ్ళు పట్టాలి, వంట చేయాలి, పిల్లాడి హోంవర్క్ చూడాలి. "వీక్లీ ఆఫ్ రోజు చేసుకోండి, పది నిమిషాలేగా" అంటావేమో, ఆ మాట అన్నావంటే నీ మీద నాకు కోపం వస్తుంది. అది డ్యూటీ టైమ్‌లోనే జరగాలి, రోల్ కాల్ అయ్యాక అందరూ నిలబడి ఉన్నప్పుడు ఆ పది నిమిషాలు స్టేషన్ ఇన్‌స్పెక్టర్ దగ్గర అడిగి తీసుకో. నువ్వు గెలవాల్సింది ఇన్‌స్పెక్టర్ని. పైన కమిషనర్ చెప్పినా కింద ఇన్‌స్పెక్టర్ "తర్వాత చూద్దాంలే" అంటే ఇంక అంతే.

మా రోజుల్లో ఇన్-సర్వీస్ కోర్సు అంటే ఊరవతల క్యాంపస్‌లో వారాల తరబడి ఉండి రావాలి. చంటిపిల్ల ఉన్నవాళ్ళు ఎలా వెళ్తారు? నాతోపాటు చేరిన ఒకావిడ పాలుతాగే బిడ్డని వదల్లేక రెండుసార్లు వద్దని రాసిచ్చింది, తర్వాత ఆవిడకి మంచి వింగ్‌లో పోస్టింగ్ వచ్చే వేళ "మీరు కోర్సు చేయలేదుగా" అన్నారు. చేతి పనిలో మా అందరికన్నా గట్టి మనిషి. అందుకే నీ ప్లాన్ విన్నప్పుడు నాకు ముందు ఆవిడే గుర్తొచ్చింది. ఆ పాఠం ఇంటిదగ్గరకి, స్టేషన్ దగ్గరకి వచ్చుంటే ఆవిడ జీవితం వేరేలా ఉండేది. కాబట్టి నువ్వు చేసేది చిన్న పని అనుకోకు బంగారం.

కానీ ఇలాంటిదే ఇంతకుముందు ఒకసారి ఎలా చెడిపోయిందో చెప్తా, ఇది నిదానంగా చదువు, కావాలంటే నీ ఫ్రెండ్సుకి కూడా చదివి వినిపించు.

స్టేషన్లకి కంప్యూటర్లు వచ్చిన కొన్నేళ్ళకి కంప్యూటర్ మీద చేసే కోర్సులు వచ్చాయి. అందులో ఒకటి ఎలక్ట్రానిక్ సాక్ష్యం మీద. ఫలానా తేదీలోపు స్టేషన్లో అందరూ పూర్తి చేయాలి, ఎవరు చేశారో లిస్టు పైకి పోవాలి అని ఆర్డర్. స్టేషన్లో ఉన్న కంప్యూటర్ ఒకటి, దాని మీద ఎఫ్ఐఆర్లు ఎక్కించాలి, కోర్సు ఇంగ్లీషులో. మరి ఏం చేస్తారు? ఒక స్టేషన్లో రైటరు, అంటే రికార్డులు రాసేవాడు, పాపం చదువుకున్న కుర్రాడు, అందరి పాస్‌వర్డులు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుని నైట్ డ్యూటీలో కూచుని ఒకరి తర్వాత ఒకరి పేరు మీద లాగిన్ అయ్యి నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాడు. చివర్లో ప్రశ్నలుంటాయి, అవి మొదటిసారే జవాబులతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించేసుకున్నాడు, అందరికీ ఫుల్ మార్కులు. లిస్టు పైకి పోయింది, పైవాళ్ళు మెచ్చుకున్నారు.

అదే స్టేషన్ లిమిట్స్‌లో, కొన్నాళ్ళకి, పూలమ్ముకునే ఒక పెద్దావిడ మెళ్ళో తాళిచైను తెంపుకుపోయారు. ఎదురు కొట్లో సీసీటీవీలో మొహం స్పష్టంగా పడింది. కానిస్టేబుల్ ఒకడు వెళ్ళి కొట్టువాడి దగ్గర వీడియో పెన్ డ్రైవ్‌లో కాపీ చేయించుకుని వచ్చాడు, ఆ పెన్ డ్రైవ్‌ని కవర్లో పెట్టి ఫైల్లో గుచ్చారు. సీసీటీవీ రికార్డయ్యే పెట్టె, అదే డీవీఆర్, దాన్ని స్వాధీనం చేసుకోలేదు, ఈ కాపీ ఆ మెషిన్లోంచి తీసిందే అని కొట్టువాడి దగ్గర సర్టిఫికెట్ తీసుకోలేదు. ఆ డీవీఆర్ డిస్కు నిండగానే పాతదాని మీదే కొత్తది రికార్డవుతుంది, వీళ్ళు మళ్ళీ వెళ్ళేసరికి అసలు వీడియో పోయింది. అప్పటికే 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పేసింది, కాపీ పెడితే ఎవిడెన్స్ యాక్ట్ 65బి సర్టిఫికెట్ ఉండాల్సిందే అని. డిఫెన్స్ లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకున్నాడు, వీడియో పక్కకి పోయింది, కేసు కొట్టేశారు. ఆ పెద్దావిడ, భర్త పోయినా ఆ చైను మాత్రం అంతవరకూ తీయకుండా పెట్టుకుందట.

ఇంతటితో అయిపోలేదే. తప్పెవరిదని మొదలైంది. ఆ కానిస్టేబుల్‌కి ఛార్జ్ మెమో ఇచ్చారు, ఎంక్వైరీ నా దగ్గరకి వచ్చింది. ఫైల్లో మొదటి కాగితం ఏంటో తెలుసా? వాడు ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్సు ఫుల్ మార్కులతో పాసయ్యాడన్న సర్టిఫికెట్. "ట్రైనింగ్ ఇచ్చాం, తెలిసి కూడా నిర్లక్ష్యం చేశాడు" అని దాని కింద రాసుంది. వాడిని కూచోబెట్టి అడిగా, 65బి అంటే ఏంట్రా అని. వాడికి తెలీదు. ఆ కోర్సు తెర ఎలా ఉంటుందో కూడా వాడు చూడలేదు, ఆ తేదీన వాడు తిరువళ్ళూరులో తిరనాళ్ళ బందోబస్తులో ఉన్నాడు, డ్యూటీ రిజిస్టర్లో వాడి పేరు ఉంది. నేను రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశా, ఇతనికి ఎవరూ నేర్పలేదు, నేర్పినట్టు కాగితం మాత్రం ఉంది అని. అయినా వాడికి ఇంక్రిమెంట్ కట్ అయింది. ఆ కాగితం లేకపోయుంటే ఏమీ తెలీదన్నవాడి మీద కాస్త జాలి చూపించేవారేమో, ఆ కాగితమే వాణ్ణి ముంచింది.

అందుకని నీ యాప్‌లో "ఎంతమంది పూర్తి చేశారు" అనే లెక్క పెట్టకు, పెట్టినా పైవాళ్ళకి పంపే రిపోర్టులో అది ఉండకూడదు. లెక్క అడుగుతారు, ఫండ్ ఇచ్చేవాళ్ళు కూడా అదే అడుగుతారు, నువ్వు ఒప్పుకోకు. చేతికి ఒక పాత డీవీఆర్, ఒక పెన్ డ్రైవ్, ఖాళీ సర్టిఫికెట్ ఫారం ఇచ్చి "చెయ్యి, చూస్తా" అను. ఇప్పుడు ఎవిడెన్స్ యాక్ట్ బదులు వచ్చిన సాక్ష్య అధినియమ్ 63 కింద ఆ ఫారం చట్టంలోనే షెడ్యూల్‌గా ఇచ్చారు, పార్ట్ ఏ, పార్ట్ బీ, అందులో హ్యాష్ వేల్యూ, అంటే ఫైలు మారలేదని చూపించే కోడ్, రాయాలి. హ్యాష్ తీయడం వీడియో చూస్తే రాదు, నాలుగుసార్లు తప్పు తీసి అయిదోసారి సరిగ్గా తీస్తే వస్తుంది. గట్టు మీద కూచున్నవాడికి ఈత రాదు. ప్రతి స్టేషన్లో ఒక్కణ్ణి తయారుచేస్తే చాలు, వాడు మిగతావాళ్ళకి నేర్పుతాడు, బయటినుంచి వచ్చిన మేడమ్ మాట కన్నా పక్కన నిలబడే హెడ్ కానిస్టేబుల్ మాట బాగా ఎక్కుతుంది.

2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి కదా, హత్య అంటే 302 అని నిద్రలో కూడా చెప్పేవాళ్ళు ఇప్పుడు 103 అని వెతుక్కుంటున్నారు, 420 పోయి 318 వచ్చింది. కానీ నెంబర్లు నేర్పడం మీద నీ శక్తంతా పెట్టకు, అవి వాడుకలో అవే వస్తాయి. కొత్తగా వచ్చిన పనులు నేర్పు. సోదా చేసేటప్పుడు వీడియో తీయాలి, సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ 105. ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్ళు స్పాట్‌కి రావాలని చట్టంలో ఉంది, వాళ్ళు వచ్చేదాకా ఆ చోటు తొక్కకుండా తాడు కట్టి నిలబడేది కానిస్టేబులే, వాడికి అది ఎలా చేయాలో ఎవరు చూపించారు?

చిన్నపిల్లల కేసుల పాఠం మాత్రం నాకు చూపించకుండా బయటపెట్టకు. పోక్సో 24లో ఉంది, పిల్ల ఉన్న చోటికే వెళ్ళి స్టేట్‌మెంట్ రాసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై ర్యాంకుకి తగ్గని ఆడ ఆఫీసరే రాయాలి, యూనిఫామ్ వేసుకోకూడదు. ఇది చదివితే వచ్చేది. కానీ ఎలా కూచోవాలి? నాకు నేర్పింది ఒక లేడీ హెడ్ కానిస్టేబుల్. కుర్చీ పక్కకి తోసి నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుంది, పిల్ల మొహం కేసి చూడకుండా ఆ పిల్ల గీస్తున్న బొమ్మ కేసి చూస్తూ "ఈ ఇంటికి తలుపు ఎక్కడుంది" అని అడిగింది. చాలాసేపటికి పిల్ల తనంతట తనే మాట్లాడింది. అలాంటివాళ్ళు రిటైరయ్యి ఇళ్ళల్లో ఉన్నారే, వాళ్ళకి తెలిసింది ఏ సిలబస్‌లోనూ లేదు. నీ కెమెరా తీసుకుని ముందు వాళ్ళ దగ్గరకి వెళ్ళు, లా ప్రొఫెసర్ల దగ్గరకి తర్వాత వెళ్దువు.

ఇంక నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని సంగతి. లాకప్. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు సూత్రాలు ఇచ్చింది, అరెస్ట్ మెమో, దాని మీద సాక్షి సంతకం, టైమ్, ఇంట్లోవాళ్ళకి కబురు, 48 గంటలకోసారి డాక్టర్ పరీక్ష. స్టేషన్ గోడల మీద బోర్డులు కూడా రాసి పెడతారు. అయినా 2020లో సాత్తాన్‌కుళంలో పోలీసు దెబ్బలకి తండ్రీకొడుకులు చనిపోయిన ఆ సంగతి జరిగింది, ఆ వార్త విన్న రోజు నేను అన్నం ముట్టలేదు. అక్కడ రూల్ తెలీక జరగలేదమ్మా. ఒక ఆఫీసరు చెయ్యి ఎత్తినప్పుడు పక్కనున్న కుర్ర కానిస్టేబుల్ "సార్, వద్దు" అనగలగాలి. ఆ మాట ఎలా అనాలి, అన్నాక ఎవరికి ఫోన్ చేయాలి, స్టేషన్ జనరల్ డైరీ, అదే జీడీలో ఏం రాయాలి, అది నోటితో పలికించి ప్రాక్టీస్ చేయించు, పదిమంది ముందు నిలబెట్టి, ఒకడు ఇన్‌స్పెక్టర్ వేషం వేసి అరుస్తుంటే. నాకు తెలిసినంతలో ఇది ఎవరూ నేర్పరు. నువ్వు ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చెయ్యి. పైవాళ్ళకి నచ్చకపోవచ్చు, పర్మిషన్ లెటర్లో "స్టేషన్ కమ్యూనికేషన్" అని రాసి పెట్టు, అబద్ధం కాదుగా.

రాత్రి పూట ఒక్కదానివే స్టేషన్లకి వెళ్ళకు, ఆ ఫ్రెండ్సులో ఒకరిని తీసుకెళ్ళు. పోలీసులు చెడ్డవాళ్ళని కాదు, రాత్రి స్టేషన్‌కి వచ్చే జనం, తాగినవాళ్ళు, గొడవలు, అది నువ్వు చూడలేదు. కానిస్టేబుళ్ళతో మాట్లాడేటప్పుడు "మీకు అర్థమయ్యేలా చెప్తా" అనే మాట నోట్లోంచి రాకూడదు, వాళ్ళలో డిగ్రీలు, పీజీలు చదివినవాళ్ళు చాలామంది.

రాజీనామా ఇచ్చేముందు ఆరు నెలల ఖర్చుకి డబ్బు పక్కన పెట్టుకో, ఇన్సూరెన్స్ ఆఫీసుది పోతుంది కాబట్టి సొంతంగా తీసుకో. ఆ డీవీఆర్ పాఠం స్క్రిప్ట్ తమిళంలో రాయగానే నాకు వాట్సాప్ చెయ్యి, మా పక్కవీధిలో రిటైర్డ్ రైటర్ ఒకాయన ఉన్నాడు, ఇద్దరం కూచుని తప్పులు దిద్ది పంపుతాం, ఎర్ర ఇంకు ఎక్కువుంటే ఏడవకు.

మీ అత్త