ఎవరు ముందు కదలాలో ముందే తేల్చుకో

చిరంజీవి కార్తీక్‌కు,

మావయ్య ఆశీస్సులు. టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ వైపు ఎవాక్యుయేషన్ ట్రాఫిక్ పని, అంటే తుపాను ముందు జనాన్ని ఊరు దాటించే పని, నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషించాను, కాస్త టెన్షన్ కూడా పడ్డాను. జూన్ 1న హరికేన్ సీజన్ మొదలయ్యేలోపు నాకు తెలిసింది నీ చెవిన వేయాలనే ఈ ఉత్తరం.

2005 సెప్టెంబర్‌లో రీటా హరికేన్ వస్తోందన్నప్పుడు నేను హ్యూస్టన్‌లో ట్రాఫిక్ కెమెరాల ముందు డ్యూటీలో ఉన్నాను. మీ అత్తయ్య అమ్మమ్మను ఎక్కించుకుని ఐ-45 హైవే మీద డాలస్‌కు బయల్దేరింది. మామూలుగా నాలుగు గంటల దారి. తొమ్మిది గంటల తర్వాత ఫోన్ చేస్తే హ్యూస్టన్‌కు కాస్త ఉత్తరాన ఉన్న కాన్రో కూడా ఇంకా దాటలేదంది. గ్యాస్, అదే పెట్రోల్, అయిపోతుందని ఏసీ కట్టేసిందట. అమ్మమ్మ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, మాట్లాడకుండా కళ్లు మూసుకుని కూర్చుందట. నా ఎదురుగా స్క్రీన్ మీద ఉత్తరానికి వెళ్లే లేన్లన్నీ కార్లతో కిక్కిరిసి ఉన్నాయి. పక్కనే ఊళ్లోకి వచ్చే లేన్లు బోసిగా పడున్నాయి. ఆ ఖాళీ రోడ్డు ఇప్పటికీ నా కళ్లలో మెదులుతుంది.

మూడు వారాల ముందే కత్రినా హరికేన్ న్యూ ఓర్లీన్స్‌ను ముంచింది. అది టీవీలో చూసిన జనం ఆగుతారా? పాతిక లక్షల మంది దాకా ఒక్కసారే రోడ్డెక్కారు. సముద్రం ముంచే చోట ఉన్నవాళ్లు వాళ్లలో కొందరే. మిగతావాళ్లు గట్టి ఇంట్లో తలుపులేసుకుని ఉన్నా సరిపోయేది, కానీ ఆ మాట వాళ్లకు స్పష్టంగా చెప్పినవాళ్లు లేరు. ఆ ఎవాక్యుయేషన్‌లో వందమందికి పైగా పోయారు. డాలస్ దగ్గర వృద్ధాశ్రమం వాళ్లను తీసుకెళ్తున్న బస్సు తగలబడి, ఒక్క దాంట్లోనే 23 మంది చనిపోయారు. తుపాను అప్పటికింకా తీరం దాటనే లేదు.

అందుకే నీ మొదటి పని రోడ్డు కాదు, వరుస. అక్కడ జిప్ కోడ్‌ల ప్రకారం జోన్లు ఉన్నాయి కదా, తీరం వాళ్లు ముందు కదలాలి, లోపలి వాళ్లు ఆగాలి. 'మీరు వెళ్లండి' అని చెప్పడం ఎంత ముఖ్యమో 'మీరు ఉండండి, ఇందుకు ఉండండి' అని చెప్పడం అంతకన్నా ముఖ్యం. ఆగమన్నవాళ్లకు కారణం చెప్పకపోతే ఆగరు. ఒక లేన్‌లో సాఫీగా సాగితే గంటకు దాదాపు 2,000 కార్లు వెళ్తాయి. ఒక్కసారి బ్రేకులు మొదలయ్యాయంటే ఆ లెక్క బాగా పడిపోతుంది, మళ్లీ పైకి రావడం మహా కష్టం.

ఇక కాంట్రాఫ్లో, అంటే ఊళ్లోకి వచ్చే లేన్లలో కూడా కార్లను బయటికే పంపడం. ఎదురు లేన్లను తిప్పడమంటే బోర్డు మార్చినంత తేలిక కాదు. హైవే ఎక్కే, దిగే ప్రతి ర్యాంప్ దగ్గరా మనిషి కావాలి, బారికేడ్లు కావాలి, ఎదురొచ్చే ఆఖరి కారు బయటికి పోయిందని కళ్లారా చూసుకోవాలి. దానికి గంటలు పడుతుంది. పైగా గాలులు గంటకు 39 మైళ్ల వేగం అందుకునేలోపు ఆ మనుషులందరినీ వెనక్కి పిలవాలి. కాబట్టి జామ్ అయ్యాక ఆలోచిద్దామంటే అప్పటికే ఆలస్యం. ఇంకో మాట, కాంట్రాఫ్లో ఎక్కడ ముగుస్తుందో అక్కడే అసలు చిక్కు. నాలుగు లేన్లు మళ్లీ రెండయ్యే చోట ముడిపడితే వెనక అంతా ఆగిపోతుంది. 2004లో ఐవాన్ హరికేన్‌కు లూయిజియానాలో అదే జరిగింది. వాళ్లు ఏడాదిలో దిద్దుకున్నారు, కత్రినాకు కార్లున్నవాళ్లు బాగానే బయటపడ్డారు. కార్లు లేనివాళ్లే మిగిలిపోయారు. బస్సుల లెక్క, డ్రైవర్ల పేర్లు నీ దగ్గర కాగితం మీద ఉండాలి. ఫ్లోరిడా వాళ్లు 2017లో ఇర్మా హరికేన్‌కు ఐ-75 మీద షోల్డర్‌నే, అంటే రోడ్డు అంచు పట్టీనే, లేన్‌గా వాడారు. దానికి మనుషులు తక్కువ పడతారు. అక్కడ టెక్సస్‌లోనూ అలాంటివి ఉన్నాయి, ముందు వాటిని చూసుకో.

గ్యాస్ ట్యాంకర్లు జనం కంటే ముందే దారిలో ఉండాలి.

తిరుగు ప్రయాణాన్ని అందరూ మర్చిపోతారు. వెళ్లేటప్పుడు రెండు మూడు రోజుల్లో విడతలుగా వెళ్లినవాళ్లు, వచ్చేటప్పుడు ఒకే ఉదయం బయల్దేరతారు. అప్పటికి సిగ్నళ్లకు కరెంటు ఉండదు, రోడ్డు మీద చెట్లు, మేకులు. కరెంటు ట్రక్కులు, అంబులెన్సులు ముందు లోపలికి వెళ్లాలి, ఇళ్లకు వచ్చేవాళ్లు ఏరియా వారీగా తర్వాత. ఏ వీధి తెరిచారో రోజూ ఒకే టైముకు చెప్పు. కబురు లేకపోతే ప్రతివాళ్లూ స్వయంగా చూసుకోవడానికి వచ్చేస్తారు. నీళ్లు నిలిచిన చోట బారికేడ్ పెట్టి ఊరుకోకు, మనిషిని కూడా పెట్టు. అడుగు లోతు నీళ్లు చాలు, చిన్న కారు తేలిపోతుంది.

వచ్చే రెండు ఆదివారాలు నీ కారేసుకుని ఆ ర్యాంపులన్నీ ఒక్కొక్కటీ తిరిగిరా. ఏ ర్యాంపుకు ఒకరు చాలు, దేనికి ఇద్దరు కావాలి, బారికేడ్లు ఎక్కడ దించాలి, అన్నీ రాసుకో. ఆ పుస్తకం నాకోసారి చూపించు, కూర్చుని ఇద్దరం చూద్దాం.

మీ మావయ్య