టెక్ సందేహాలు: గిటార్, సైకిల్, ఓ స్టీలు స్కేలు

ఈసారి ఫోన్ హ్యాంగ్ అవుతోందని ఒక్కరూ రాయలేదు. ఉత్తరాలన్నీ గిటార్లు, సైకిళ్ల మీదే. బెంగళూరులో మనవాళ్లు శని, ఆదివారాలు ఏం చేస్తున్నారో ఇప్పుడు తెలిసింది.

ప్రశ్న: డిసెంబరులో ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలకు అకూస్టిక్ గిటార్ కొన్నాను. ట్యూనర్ యాప్‌లో ఆరు తీగలూ పచ్చగానే చూపిస్తాయి. మొదటి మూడు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కమ్మీల) దగ్గర బాగానే ఉంటుంది కానీ, పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి. వేళ్లు మండిపోతున్నాయి. వానలు మొదలయ్యాక మరీ ఎక్కువైంది. ఆఫీసులో అందరూ పాతిక వేలు పెట్టి మంచిది తీసుకోమంటున్నారు. తీసేసుకోనా? (మారతహళ్లి నుంచి ఓ ఐటీ ఉద్యోగిని)

ఆగండి. పాతిక వేలు తీసేముందు ఇంట్లో పిల్లల కంపాస్ బాక్సు ఉంటే అందులోంచి స్టీలు స్కేలు తీయండి. పన్నెండో ఫ్రెట్ మీద దాన్ని నిలబెట్టి, ఫ్రెట్ పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య ఎంత సందు ఉందో చూడండి. లావు తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర రెండు ఉంటే మంచిదే. మీకు మూడున్నర పైన వస్తుందని నా అనుమానం. తీగ అంత ఎత్తులో ఉంటే దాన్ని కిందకు నొక్కడానికి బలం కావాలి, అందుకే వేళ్ల మంట. నొక్కినప్పుడు తీగ సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. మీకు వినిపిస్తున్న అపశ్రుతి అదే. యాప్ మిమ్మల్ని మోసం చేయలేదు. అది వదిలేసిన తీగను విని సరే అంది, నొక్కిన తీగను మీరు దానికి వినిపించలేదు.

ఇప్పుడు వినిపించండి. ఒక తీగను వదిలేసి మీటి ముల్లు మధ్యలోకి తెచ్చుకోండి. తర్వాత అదే తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. యాప్‌లో అదే అక్షరం (స్వరం పేరు) రావాలి, ముల్లు కూడా దాదాపు అక్కడే ఉండాలి. అర స్వరానికి వంద సెంట్లు అని లెక్క. అయిదు సెంట్లు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. పదిహేను, ఇరవై పెరిగితే సెటప్ (రిపేరర్ దగ్గర తీగల ఎత్తు, మెడ వంపు సర్దించడం) చేయించాలి. ఇది చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి. మీ వీధిలో హారన్లు విని ఫోన్ మైకు కంగారు పడుతుంది. గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ అయితే ఈ గొడవ లేదు. అది గాలిలో శబ్దాన్ని కాదు, చెక్కలో అదురును పట్టుకుంటుంది.

ఇంకో పరీక్ష ఉంది. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడండి. ఓ కాగితం దూరేంత ఉంటే చాలు. విజిటింగ్ కార్డు హాయిగా దూరిపోతుంటే, తల దగ్గర తీగలు ఆనే తెల్ల పట్టీ, అంటే నట్, గాట్లు లోతు చేయించాలి. ఎఫ్ కార్డ్ (చూపుడువేలితో తీగలన్నీ నొక్కే స్వరాల కూటమి) పట్టలేక ఏడ్చే కొత్తవాళ్లలో చాలామందికి లోపం వేళ్లలో కాదు, ఈ గాట్లలో ఉంటుంది.

వానల సంగతీ చెప్పాలి. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ హాయి. మీరు కొన్నది పొడి చలికాలం. ఇప్పుడు గాలిలో తేమ తాగి పైచెక్క ఉబ్బింది. అది ఉబ్బితే బ్రిడ్జి (తీగల చివర్లు బిగించిన చెక్క పట్టీ) పైకి లేస్తుంది, దానితో తీగలూ లేస్తాయి. చిన్న డిజిటల్ తేమ మీటర్ ఒకటి కొని కేసులో పడేయండి. 60 దాటుతుంటే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, వాయించనప్పుడు కేసు మూసి ఉంచండి. మార్చిలో ఆ పొట్లాలు తీసేయడం మరవకండి, పొడి ఎక్కువైతే చెక్క పగులుతుంది. ఎండలో ఆపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకండి. నేను ఒక మధ్యాహ్నం భోజనానికని వదిలి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బంక మెత్తబడి బ్రిడ్జి ఓ పక్క పెదవి విరిచినట్టు లేచి ఉంది.

వీణకు మెట్లు మైనంలో కూర్చుతారు, స్వరం తప్పితే మెట్టు కదిపి సరిచేయించుకోవచ్చు. గిటార్‌లో ఫ్రెట్లు దిగ్గొట్టి ఉంటాయి, కదలవు. సర్దుబాటు అంతా మెడ వంపు, నట్, శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీ) దగ్గరే. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు అరగదీయాలి. ఈ లెక్క తెలియక సగం పని చేసి వదిలే రిపేరర్లు ఉంటారు, అడిగి చేయించుకోండి. మెడ వంపు సర్దే లోపలి కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌ను వీడియో చూసి మీరే తిప్పకండి. సెటప్‌తో పాటు కొత్త తీగలు వేయించండి, 12 సెట్ బదులు 10 సెట్ (సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 12 సెట్ తీగలన్నీ కలిపి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి, ఓ మనిషి వేలాడుతున్నట్టే. 10 సెట్‌తో మోత కొంచెం తగ్గుతుంది, వేళ్లు మాత్రం బతుకుతాయి. ఇదంతా చేశాక కూడా పాతిక వేల గిటార్ కావాలనిపిస్తే నిరభ్యంతరంగా కొనుక్కోండి.

ప్రశ్న: పీజీలో ఉంటాను, రాత్రిళ్లు ఆంప్ (శబ్దం పెంచే ఆంప్లిఫయర్) పెట్టలేను. ఎలక్ట్రిక్ గిటార్‌ను చిన్న కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటున్నాను. మీటిన చాలాసేపటికి వినిపిస్తోంది. లాప్‌టాప్ మార్చాలా? (వైట్‌ఫీల్డ్)

మార్చాల్సింది ఇయర్‌బడ్స్. బ్లూటూత్‌లో శబ్దం మూటగట్టి, పంపి, విప్పేసరికి 150, 200 మిల్లీసెకన్లు పోవడం మామూలే. సినిమా చూసేటప్పుడు ఫోన్ బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి సర్దేస్తుంది కాబట్టి తెలియదు. మీ వేలిని ఎవరు ఆలస్యం చేస్తారు? శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 200 మిల్లీసెకన్లంటే ఆంప్‌ను దాదాపు 70 మీటర్ల అవతల పెట్టి వాయిస్తున్నట్టు. వైరున్న పాత హెడ్‌ఫోన్ పెట్టండి, సగం సమస్య అక్కడే పోతుంది.

మిగతా సగం విండోస్‌ది. గిటార్ యాప్‌లో ఆలస్యం తగ్గించే ఏషియో (ASIO) డ్రైవర్ ఎంచుకుని, శబ్దాన్ని ఒక్కో విడత పోగుచేసే బఫర్‌ను 128 శాంపిళ్లకు దించండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అది 3 మిల్లీసెకన్ల లోపే. 512 ఉంటే దాదాపు 12. మరీ దించితే చిటపటలాడుతుంది, అప్పుడు ఒక మెట్టు పైకి. ఇక లాప్‌టాప్ మైక్ రంధ్రంలో గిటార్ గుచ్చకండి. గిటార్ పికప్‌కు ఎక్కువ ఇంపెడెన్స్ (కరెంటు లాగకుండా అడ్డే గుణం) ఉన్న ఇన్‌పుట్ కావాలి, లేకపోతే శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న, గిటార్‌ను లాప్‌టాప్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా చాలు. కేబుళ్లు, కన్వర్టర్లకైతే ఎస్‌పీ రోడ్ (ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు) ఎలాగూ ఉంది, బేరమాడండి.

ప్రశ్న: అనంతపురంలో మాస్టారుగా రిటైరై అబ్బాయి దగ్గరకు వచ్చాను. వాడు హైబ్రిడ్ సైకిల్ కొనిచ్చాడు. నిన్న సైకిల్ మీటర్ 21.4 కి.మీ. చూపించింది, ఫోన్ యాప్ 17.8 అంది. ఎవరిని నమ్మాలి? మీటర్ సెట్టింగులో 2326 అని ఉంది. టైరు మీద 700x35. మ్యాప్ ఫొటో జతచేశాను. గొలుసు కూడా ఎక్కుడులో టక్కుమని జారుతోంది. (బెళ్లందూరు)

మాస్టారూ, ఇద్దరూ అబద్ధమే చెప్పారు. మీరు పంపిన మ్యాప్‌లో యమలూరు దగ్గర్నుంచి ఇబ్లూరు దాకా గీత తిన్నగా బెళ్లందూరు చెరువు మీదుగా పోయింది. నురగకు పేరుపడ్డ ఆ చెరువు మీద సైకిల్ తొక్కిన మొదటి మనిషి మీరే! జరిగింది ఏమిటంటే, బ్యాటరీ మిగల్చాలని ఫోన్ మధ్యలో యాప్‌ను నిద్రపుచ్చింది. లేచాక యాప్ నిద్రకు ముందూ వెనకా ఉన్న రెండు చుక్కలనూ గీతతో కలిపేసింది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, తర్వాత బ్యాటరీ నొక్కి అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. అలాగే మ్యాప్‌లో మీ గీత మీ ఇంటి గేటు దగ్గరే మొదలై అక్కడే ఆగుతోంది. నాకు పంపారు సరే, ఊరందరికీ ఎందుకు? యాప్ ప్రైవసీలో మొదలు, చివర దాచే ఏర్పాటు ఉంటుంది, వాడండి.

మీటర్ది ఇంకో కథ. 2326 అనేది చక్రం చుట్టుకొలత మిల్లీమీటర్లలో, 29 అంగుళాల లావు టైరుది. మీ 700x35కి సుమారు 2168 ఉండాలి. అందుకే ఏడు శాతం ఎక్కువ చెబుతోంది. 21.4ను సరిచేస్తే 20కి ఓ అడుగు ఇటు. పట్టికలు నమ్మకపోతే టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, సైకిలెక్కి కూర్చుని, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిప్పి, నేల మీద రెండు గుర్తుల మధ్య కొలవండి. సుద్దముక్క మీకు చెప్పాలా!

గొలుసుకు మళ్లీ స్కేలే, ఈసారి అడుగు స్కేలు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెడితే కొత్త గొలుసులో దాని తర్వాత ఇరవై నాలుగో పిన్ను మధ్య భాగం సరిగ్గా పన్నెండు అంగుళాల గీత మీద ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటి పోయిందంటే గొలుసు మార్చాలి. ఆలస్యం చేస్తే అది వెనక పళ్లచక్రాలను కూడా తినేస్తుంది, అప్పుడు ఖర్చు రెండింతలు. కొలత సరిగ్గానే ఉంటే గేరు కేబుల్ బిగువు చూపించండి.

ప్రశ్న: మామూలు సైకిల్‌కు 1000 వాట్ల మోటార్ కిట్ బిగిస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటున్నాడు అమ్మేవాడు. నిజమేనా? (కుందలహళ్లి)

కాదు. మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉంటేనే ఆ మినహాయింపు. 1000 వాట్లు పెడితే అది చట్టం దృష్టిలో మోటారు వాహనం. చట్టాన్ని పక్కన పెట్టినా, మామూలు సైకిల్ బ్రేకులు ఆ వేగాన్ని ఆపలేవు. 250దే తీసుకోండి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. తొక్కుతూ వెళ్తే కిలోమీటరుకు సుమారు పది అనుకోండి, ముప్పై దాటి వస్తే అదృష్టం. అట్ట మీద అరవై అని రాసి ఉంటే చదివి నవ్వుకోండి.

ప్రశ్న: మా అత్తగారు విజయనగరం నుంచి వస్తూ వీణ తెచ్చుకున్నారు. నా క్లిప్ ట్యూనర్ దానికి పెట్టొచ్చా?

క్రొమాటిక్ మోడ్ (పన్నెండు స్వరస్థానాలూ పట్టేది) ఉంటే పెట్టొచ్చు, బిరడాకు తగిలించండి. ముందు ఆవిడ శ్రుతి ఎంతో అడగండి. మూడు శ్రుతి అంటే ట్యూనర్‌లో షడ్జం ఇ (E), పంచమం బి (B). వాయించే నాలుగు తీగలూ షడ్జ పంచమాలే కాబట్టి ఇబ్బంది లేదు. స్వచ్ఛమైన పంచమం 702 సెంట్లు, ట్యూనర్‌ది 700. ఆ రెండు సెంట్ల తేడా ఆవిడ చెవే సర్దుకుంటుంది. మెట్ల జోలికి మాత్రం ట్యూనర్‌ను తీసుకెళ్లకండి. అంతర గాంధారం దగ్గర తేడా 14 సెంట్లు, ఆవిడ మొహం చిట్లిస్తారు.

నన్నడిగితే ఆవిడకు ట్యూనర్ కన్నా తంబురా యాప్ పనికొస్తుంది. మూడు శ్రుతి పెట్టి పక్కన చిన్న స్పీకర్ ఉంచండి. ఇక్కడ బ్లూటూత్ అయినా ఫర్వాలేదు. తంబురా మోగుతూనే ఉంటుంది, కాస్త ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తెలియదు.