హ్యాండ్ బ్రేక్ వదిలితే గాలి లీకు

ప్రశ్న: మాది ఎయిర్ బ్రేకుల పాత లారీ. హ్యాండ్ బ్రేక్ వదలగానే వెనక ఎడమ చక్రం దగ్గర గాలి బుసకొడుతోంది, వేయగానే ఆగుతోంది. రబ్బరు మారిస్తే చాలా?

జవాబు: చాలదండీ. చక్రం దగ్గరి బ్రేక్ బూస్టర్‌లో రెండు గదులుంటాయి: ముందుది పెడల్ బ్రేకుకు, వెనకది (స్ప్రింగు గది) హ్యాండ్ బ్రేకుకు. పెడల్ తొక్కినప్పుడే లీకైతే ముందు గది రబ్బరు చిరిగినట్టు, అది విడిగా మార్చుకోవచ్చు. మీరు చెప్పిన లక్షణం స్ప్రింగు గదిది; హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడు గాలి నిండేది దానిలోనే. అందులో స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కుకుని ఉంటుంది. ఆ గది క్లాంపు విప్పితే మూత ఎగిరి ప్రాణం తీస్తుంది. దయచేసి ఎవరినీ విప్పనివ్వకండి, బూస్టర్ మొత్తం మార్చండి.

మొదట చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వదిలి, గాలి నిండుగా ఉండగానే బూస్టర్ వెనక రంధ్రంలో కేజింగ్ బోల్టు (స్ప్రింగును నొక్కిపట్టి ఉంచే బోల్టు) దూర్చి పావు చుట్టు తిప్పండి. పట్టిందో లేదో లాగి చూసి, నట్టు చేతి స్పానరుతోనే బిగించండి. ఎయిర్ గన్ వాడొద్దు. ఆ తర్వాతే ట్యాంకుల్లో గాలి వదిలేసి, గొట్టాలకు గుర్తులు పెట్టుకుని విప్పండి.

కొత్త పుష్ రాడ్డును (బూస్టర్ నుంచి బ్రేకును నెట్టే కడ్డీని) పాతదాని పొడవుకే కోయాలి. పొడవెక్కువైతే లైనర్ రాసుకుంటూ డ్రమ్ము కాలిపోతుంది. బ్రేకు పట్టినప్పుడు రాడ్డుకూ, అది నెట్టే మీట అయిన స్లాక్ అడ్జస్టరుకూ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. గాలి నింపి సబ్బు నురగతో లీకు చూసి, కేజింగ్ బోల్టు తీసేయండి. మరిచిపోతే ఆ చక్రానికి హ్యాండ్ బ్రేక్ పట్టదు.