సంచుల దగ్గర కూర్చున్నది ఎవరు?

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం చేరి పది రోజులు దాటింది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. అమెరికాలోని ఓర్లాండోకు నీ ప్రయాణం చదువుతుంటే అదే ఊరి మీద, అక్కడి డిస్నీ వినోద పార్కు మ్యాజిక్ కింగ్డమ్ మీద 2018లో నేను రాసిన వ్యాసం గుర్తొచ్చింది. అటక మీది పత్రికల కట్ట దింపించి, దాన్ని వెతికి తీసి, నీ కాగితాల పక్కన పెట్టుకొని చదివాను. ఇద్దరం ఒకే చోట దారి తప్పాం. నీది ఇంకా అచ్చు కాలేదు, దిద్దుకోవచ్చు. నాది అచ్చయిపోయింది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ముందు బాగున్న చోటు చెబుతాను. కారు ఆపిన చోటి నుంచి నేరుగా పార్కులోకి వెళ్లలేమని, మోనోరైలు గానీ పెద్ద పడవ గానీ ఎక్కి చెరువు దాటాలని రాశావు. ఆ పడవ పై అంతస్తులో మీ అక్క కొడుకు, పదిహేడేళ్ల పిల్లవాడు, మీ అందరికీ దూరంగా కమ్మీ పట్టుకొని నిలబడ్డాడని, పడవ కదలగానే ఒక్కసారి వెనక్కి తిరిగి మీరంతా ఎక్కారో లేదో చూసుకొని మళ్లీ నీళ్లవైపు తిరిగాడని రాశావు. చదివి కాసేపు ఆగిపోయాను. ఆ వయసు పిల్లలు ఇంటివాళ్లకు ఎంత దూరంలో నిలబడతారో ఆ వాక్యంలో కొలత వేసినట్టు ఉంది. నువ్వు కళ్లతో చూశావు కాబట్టే అది అలా వచ్చింది.

తర్వాతి పేజీలోనే చూడటం మానేశావు. స్పేస్ మౌంటెన్‌లో ఆ పిల్లవాడు భయంతో నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడని రాశావు. ఫ్లోరిడాలోని ఆ రోలర్ కోస్టర్‌లో సీట్లు పక్కపక్కన ఉండవమ్మా. ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. పక్కన పట్టుకోవడానికి చెయ్యే ఉండదు. నువ్వు ఎక్కావనే నమ్ముతున్నాను. కానీ రాసేటప్పుడు నీ జ్ఞాపకాన్ని పక్కనపెట్టి, ఇలాంటి సన్నివేశాల్లో అందరూ రాసే చేతిని తెచ్చి అక్కడ అతికించావు. ‘జెట్ విమానం వేగంతో’ అన్నావు. దాని వేగం గంటకు 28 మైళ్లు, అంటే 45 కిలోమీటర్లు. మన ఆర్టీసీ బస్సు అంతకంటే జోరుగా పోతుంది. అయినా ప్రాణం గొంతులోకి ఎందుకు వస్తుంది? లోపలంతా చీకటి కాబట్టి. పట్టాలు కనిపించవు, తర్వాతి మలుపు ఎటో తెలియదు, ఒళ్లు ముందే సిద్ధపడటానికి వీలుండదు. ఆ చీకటి రాయి. పక్కన ఎవరూ లేకపోవడం రాయి. ముందు కూర్చున్న మనిషి తల వెనక భాగం తప్ప ఇంకేమీ ఆనవాలు లేకపోవడం రాయి. వేగం దానంతట అదే వస్తుంది.

అంకెల గురించి ఒక మాట. పార్కును 1971 అక్టోబరు 1న తెరిచారని, కోట ఎత్తు 189 అడుగులని రాశావు. రెండూ నిజమే. కానీ మీ కుటుంబంలో ఎవరికీ ఆ అంకెలతో పని పడలేదు. ఒక్క అంకె మాత్రం మీ రోజంతటినీ శాసించింది. దాన్ని అరవాక్యంలో దాటేశావు. క్యూలో గంటలకొద్దీ నిలబడకుండా డబ్బు కట్టి సమయం తీసుకునే పద్ధతి ఉంది కదా, అక్కడి హోటళ్లలో దిగినవాళ్లు వారం రోజుల ముందు, బయటివాళ్లు మూడు రోజుల ముందు అందులో సమయాలు ఎంచుకోవచ్చు. మీరు బయలుదేరాలని అనుకున్నది ముందురోజు సాయంత్రం. అప్పటికే మంచి వేళలన్నీ ఎవరెవరో పట్టేసుకున్నారు. ఆ చోటు నెలల ముందు నుంచి ప్రణాళిక వేసుకునేవాళ్ల కోసం అమర్చినది. అప్పటికప్పుడు కదిలిన కుటుంబం అక్కడ పెళ్లికి పిలుపు లేకుండా వచ్చిన చుట్టాల్లా తిరుగుతుంది. ఆ ఇబ్బందిలో ఎవరు విసుక్కున్నారు, ఎవరు సర్దుకున్నారు, ఎవరు తనవల్లే ఇలా అయిందని లోపల కుమిలిపోయారు? నీ వ్యాసం ఉన్నది అక్కడే.

ఇక నా సంగతి చెబుతాను.

2018 జూన్‌లో అట్లాంటాలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఒక బుధవారం రాత్రి అన్నాలు తింటూ ఓర్లాండో వెళ్దామన్నాడు. గురువారం తెల్లవారకముందే కారు ఎక్కాం. ఏడు గంటల ప్రయాణం. మనవడికి పదిహేనేళ్లు, మనవరాలికి పదమూడు. మా కోడలు రాత్రి పదకొండున్నరకు నిమ్మకాయ పులిహోర కలిపి, రేకు కాగితాల్లో చుట్టి, సంచులు సర్దింది. తిండి వెంట తెచ్చుకోవడానికి అక్కడ అభ్యంతరం లేదు. ఆమె ఆ రాత్రి ఎప్పుడు పడుకుందో నాకు తెలియదు, ఎందుకంటే నేను ముందే పడుకున్నాను.

అప్పట్లో ఆ సమయాలకు డబ్బు కట్టనక్కర్లేదు. కానీ బయటివాళ్లయినా 30 రోజుల ముందు నుంచి తీసుకోవచ్చు. మా దగ్గర ఒక్కటీ లేదు. మర్నాడు పార్కులోకి అడుగుపెట్టాక మా మనవరాలు ఫోను పట్టుకొని, ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ సమయం తనకు దొరుకుతుందేమోనని నిమిష నిమిషానికీ చూస్తూ నడిచింది. నీ వ్యాసంలో పిల్లలు ఫోన్లలోంచి తల ఎత్తలేదని నొచ్చుకున్నావు. మళ్లీ ఆలోచించు. టికెట్లు ఫోనులోనే, ఏ క్యూ ఎంత పొడుగుందో ఫోనులోనే, తిండికి చెప్పడమూ ఫోనులోనే. ఆ రోజు మా ఇంటి పెద్దరికం పదమూడేళ్ల పిల్ల చేతిలోకి వెళ్లింది. ‘నానమ్మా, నా కాళ్లు అయిపోయాయి’ అంటూనే మమ్మల్నందరినీ నడిపించింది. నీరసాన్ని అలా చెప్పడం మన తెలుగులో లేదు. ఆ పిల్ల ఇంగ్లీషుకూ తెలుగుకూ మధ్య తనకోసం చేసుకున్న మాట అది. నీ పిల్లలు మాత్రం పాఠ్యపుస్తకంలోని తెలుగు మాట్లాడుతున్నారు. వాళ్ల నోట నిజంగా వచ్చిన తెలుగు, అది తడబడినా సరే, అదే పెట్టు.

మధ్యాహ్నం రెండున్నరకు మనవరాలికి స్పేస్ మౌంటెన్ సమయం దొరికింది. ఒక్కరికి మాత్రమే. అన్నయ్య అట్లాంటా నుంచీ దాని పేరే జపిస్తున్నాడు. అంతసేపు వెతికి పట్టుకున్నది వాడికి ఇచ్చేసింది.

వాడు ఒక్కడే వెళ్లాడు. మా అబ్బాయి రెండో రాత్రికి ఇంకా గది దొరకక నీడలో నిలబడి హోటళ్లకు ఫోన్లు చేస్తున్నాడు. ఎండకు తట్టుకోలేక నేనూ మనవరాలూ పక్కనే ఉన్న కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లోకి వెళ్లాం. స్పేస్ మౌంటెన్‌నూ దీన్నీ అక్కడ 1975 జనవరి 15న, ఒకే రోజున తెరిచారు. ఇది 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారైన పాత ప్రదర్శన. వేదిక కదలదు, మనం కూర్చున్న కుర్చీల వరుసలే చుట్టూ తిరుగుతాయి. కదిలే బొమ్మల కుటుంబం ఒకటి, కాలం మారేకొద్దీ వాళ్ల ఇంట్లో కొత్త వస్తువులు వస్తుంటాయి. కథంతా తండ్రి బొమ్మే చెబుతుంది. మనవరాలు నా భుజం మీద నిద్రపోయింది.

బయటికి వచ్చేసరికి మనవడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఎలా ఉందని చెల్లెలు అడిగితే, ‘చాలా బాగుంది, చీకట్లో నక్షత్రాలు’ అన్నాడు. చెల్లెలి ముఖం వెలిగిపోయింది. కాసేపటికి ఉరుములు మొదలయ్యాయి. వేసవిలో అక్కడ రెండువైపుల సముద్రాల గాలులు వచ్చి మధ్యలో కలుసుకుంటాయట, మధ్యాహ్నం దాటితే పిడుగులు మామూలే. ఆరుబయటి రైడ్లన్నీ ఆపేశారు. ఒక దుకాణం చూరు కింద నిలబడి పులిహోర తిన్నాం.

విజయవాడ తిరిగి వచ్చాక రాశాను. మనవడి ధైర్యానికి ఒక పేరా, చెల్లెలి త్యాగానికి ఒక పేరా, తిరిగే కుర్చీలకు రెండు పేరాలు. పాఠకుల ఉత్తరాలు కూడా వచ్చాయి. అబ్బాయి ఆ పేజీని అట్లాంటాలో అందరికీ చదివి వినిపించాడు. వారం తర్వాత కోడలు ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలయ్యాక మెల్లగా అడిగింది, ‘అత్తయ్యా, ఆ రోజు నేను రాలేదా?’

పేజీ తీసి చూసుకున్నాను. పులిహోర ఉంది. అది కలిపిన మనిషి లేదు.

ఆమె తప్పుపట్టలేదు. అడిగింది, అంతే. నేనే పట్టుబట్టి ఆ గంటలో ఎక్కడుందో చెప్పించుకున్నాను. స్పేస్ మౌంటెన్ ఎదుట బెంచీ మీద మా అందరి సంచులు, నా కళ్లజోడు, తడిసిన తువ్వాళ్లు పెట్టుకొని కూర్చుందట. తనకూ ఎక్కాలని ఉందట. పది నిమిషాలు కాకముందే కొడుకు లోపలి నుంచి తిరిగి వచ్చేశాడట. బండి దాకా వెళ్లి, ఖాళీ సీటు చూసి, వెనక్కి వచ్చే దారి అడిగి వచ్చేశాడు. తల్లి పక్కన కూర్చొని, చెల్లికి చెప్పొద్దన్నాడట. చెప్పనంది. ఇద్దరూ మా కోసం ఎదురుచూశారు. ఆ తల్లీకొడుకుల మధ్య ఆ బెంచీ మీద జరిగింది ఆ ప్రయాణంలోకెల్లా పెద్ద సంగతి. నేను నలభై అడుగుల దూరంలో చల్లటి గదిలో కూర్చొని బొమ్మల కుటుంబాన్ని చూస్తున్నాను.

అసలు వాడు ‘చీకట్లో నక్షత్రాలు’ అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. నిజంగా ఎక్కి దిగినవాళ్లు ఏదో చిన్న సంగతి చెబుతారు. మెడ పట్టేసిందనో, మోకాలు కొట్టుకుందనో, గాలికి కళ్లు మూసుకున్నాననో అంటారు. వాడి మాటల్లో ఒళ్లు లేదు. గోడ మీది బొమ్మలో కనిపించేదంతా చెప్పాడు. అప్పటికే ముప్పై ఏళ్లుగా రాస్తున్న దాన్ని, వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను, ఎందుకంటే అది నా పేరాలో చక్కగా అమరింది. పేరా చక్కగా అమరినప్పుడు ఒక్కసారి ఆగి మళ్లీ అడగాలని ఆ తర్వాతే నేర్చుకున్నాను.

ఇది నీకు రాసేముందు మనవడిని అడిగాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ‘రాయి నానమ్మా, చెల్లికి నేనే చెప్పేశాను ఎప్పుడో’ అన్నాడు. ఇంటి పిల్లల మీద రాసేటప్పుడు ఈ అడగడం మానకు. పదిహేనేళ్ల పిల్లల గురించి మనం రాసింది పాతికేళ్ల వయసులో వాళ్ల కంట పడుతుంది. అప్పుడు వాళ్లు మనల్ని చూసే చూపును తట్టుకోగలిగేలా రాయాలి. వాళ్ల భయాలను మన వాక్యాల అందం కోసం వాడుకునే హక్కు మనకు లేదు. మీ అక్క కూతురు క్యూలో ఏడ్చిన సంగతి రాశావు, ఆ పిల్లను అడిగావా? అడగకపోతే ఇప్పుడు అడుగు. వద్దంటే తీసెయ్యి. వ్యాసం చెడదు.

ఆఖరుగా నీ రెండో పేరా. ‘అక్క ఎందుకో వెళ్లి తీరాలని పట్టుబట్టింది. మర్నాడే బయలుదేరాం’ అన్నావు. ఆ తర్వాత ఆరు పేజీల్లో అక్క మళ్లీ కనిపించలేదు. మీ బావగారు ఉన్నారు, పిల్లలిద్దరూ ఉన్నారు, నువ్వున్నావు, రాత్రి బాణసంచా ఉంది. అక్క లేదు. ప్రయాణం మొదలుపెట్టిన మనిషే లేదు. థ్యాంక్స్‌గివింగ్ పండగ వారం, ఎటు చూసినా జనం, గదుల ధరలు ఎక్కువ, పిల్లవాడికి కాలేజీ దరఖాస్తుల హడావిడి. ఎంతో ఆలోచించి ఖర్చుపెట్టే మనిషని నువ్వే అన్న మీ అక్క, ఆ సాయంత్రమే ఎందుకు పట్టుబట్టింది? వచ్చే ఏడాది ఈపాటికి కొడుకు ఇంట్లో ఉండడని తట్టిందా? లేక నాకూ నీకూ ఊహకందనిది ఇంకేదైనా ఉందా? ఊహించి రాయకు. అక్కకు ఫోన్ చెయ్యి. ప్రయాణం ఎందుకన్నది సూటిగా అడిగితే ఏమీ లేదంటుంది. ఆ రోజు సంచిలో ఏమేం పెట్టుకుందో అడుగు. సంచుల దగ్గర ఎంతసేపు కూర్చుందో అడుగు. ఆ తర్వాత నువ్వేమీ మాట్లాడకు.

రెండో ప్రతి పండగలోగా పంపు. పంపేముందు మీ అక్క కొడుక్కి చదివి వినిపించు. తెలుగు అర్థమవుతుంది కానీ చదవలేడన్నావు కదా, నువ్వే పైకి చదువు. పడవ మీద వాడు వెనక్కి తిరిగిన వాక్యం వచ్చినప్పుడు కాగితం మీంచి తల ఎత్తి వాడి ముఖం చూడు. ఏం కనిపించిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ మేడమ్
విజయవాడ