లొంగిపోయిన మనిషిని కొట్టొచ్చా?

సందేహం: మాది గుంటూరు. గొడవ కేసులో మా తమ్ముణ్ణి పట్టుకున్న పోలీసులు రోడ్డు మీద కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా లాఠీలతో అరికాళ్ల మీద, వీపు మీద కొట్టారు. ‘తిరగబడ్డాడు, అందుకే’ అంటున్నారు. పక్క షాపతను ఫోన్లో వీడియో తీశాడు. రేపు కోర్టులో పెడతారట. అలా కొట్టే హక్కు పోలీసులకు ఉందా? మేం ఏం చేయాలి?

జవాబు: ముందు రేపటి సంగతి చూడండి. రిమాండు సమయంలో ‘పోలీసులు కొట్టారా?’ అని మేజిస్ట్రేటు అడుగుతారు. పక్కనున్న ఎస్సైని చూసి చాలామంది ‘లేదండి’ అనేస్తారు. ఆ మాట రికార్డుకెక్కిందంటే తర్వాత ఎన్ని సాక్ష్యాలు తెచ్చినా అవతలి లాయరు దాన్నే చదివి వినిపిస్తాడు. అడక్కపోయినా మీ తమ్ముడు చెప్పాలి: ఎప్పుడు, ఎక్కడ, దేంతో కొట్టారో. చొక్కా తీసి, అరికాళ్లు చూపించాలి. అదే విషయం మీ లాయరు మెమోగా (కోర్టుకిచ్చే చిన్న రాతపూర్వక నోట్) వేయాలి.

రెండోది వైద్య పరీక్ష. అరెస్టయిన వెంటనే డాక్టరు పరీక్షించి, గాయాలనూ అవి సుమారుగా ఎప్పుడు తగిలాయో కూడా రాయాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 53వ సెక్షన్ చెబుతోంది. నకలు మీ తమ్ముడికి గానీ, అతను చెప్పిన మనిషికి గానీ ఇవ్వాలి. అడిగి తీసుకోండి. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) క్యాజువాలిటీలో రద్దీగా ఉన్నప్పుడు, పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉండగా ‘బయటి గాయాలు లేవు’ అని ఒక్క ముక్కతో ముగిసే ప్రమాదం ఉంది. లాఠీ దెబ్బ చాలాసార్లు రైలు పట్టాల్లా రెండు కమిలిన గీతలుగా కనిపిస్తుంది, మధ్యలో చర్మం పాలిపోయి ఉంటుంది. కింద పడితే అలాంటి గుర్తు రాదు. ఆ ఆకారం, కొలత, రంగు వూండ్ సర్టిఫికెట్లో (డాక్టరిచ్చే గాయాల ధ్రువపత్రం) ఉండాలి. అరికాలి తోలు మందం కాబట్టి కమిలిన గుర్తు ఒకటి రెండు రోజులకు గానీ పైకి తేలకపోవచ్చు. ‘నడవలేకపోతున్నాడు’ అని రాయించి ఎక్స్‌రే అడగండి. మళ్లీ పరీక్షకు పంపమని మేజిస్ట్రేటును కోరండి.

ఇక హక్కు సంగతి. అరెస్టును బలంగా అడ్డుకుంటే అవసరమైన మార్గాలన్నీ వాడొచ్చని బీఎన్ఎస్ఎస్ 43వ సెక్షన్. పారిపోకుండా ఆపడానికి అవసరమైన దానికి మించి నిర్బంధించకూడదని 46. కాబట్టి ‘తిరగబడ్డాడు’ అనే జవాబు మనిషి చేతికి చిక్కేంతవరకే చెల్లుతుంది. నిజంగానే తిరగబడి ఉంటే అందుకు బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 132 కింద, అంటే విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిపై దాడి చేశాడని, వేరే కేసు పెట్టుకోవచ్చు. శిక్ష వేసేది కోర్టు, లాఠీ కాదు. 2025 మే చివర్లో తెనాలిలో పోలీసులు నడిరోడ్డు మీద యువకులను కొట్టిన వీడియో బయటికొచ్చినప్పుడు ‘రౌడీషీటర్లకు అలాగే కావాలి’ అన్నవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. ఈ సెక్షన్లలో రౌడీషీటుకు మినహాయింపేమీ రాసి లేదు.

వీడియో విషయంలో జరిగే తప్పు ఒకటే: వాట్సాప్‌లో వచ్చిన కాపీ దాచుకుని అసలుది పోగొట్టుకోవడం. తీసిన ఫోన్లోని ఫైలే కావాలి. దానికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63(4) కింద, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) సహా సర్టిఫికెట్ జతచేయాలి. స్టేషన్లో కూడా కొట్టి ఉంటే అక్కడి సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని రేపే పిటిషన్ వేయండి. 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. ఆ గడువును నమ్ముకుని కూర్చోకండి.

పోలీసులు కొట్టారన్న ఫిర్యాదు స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అది లేకుండా, దర్యాప్తుకు ఆదేశించమని బీఎన్ఎస్ఎస్ 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే పిటిషన్ నిలవదు. అఫిడవిట్ కూడా తప్పనిసరి. విధుల్లో జరిగిందంటే పైఅధికారి నివేదిక తెప్పించుకున్నాకే దర్యాప్తుకు ఆదేశిస్తారు. ఫిర్యాదులో బీఎన్ఎస్ 120 అలవాటుగా రాసేయకండి. నేరం ఒప్పించడానికో, సమాచారం రాబట్టడానికో కొడితేనే అది వర్తిస్తుంది. లేకపోతే మామూలు గాయానికి 115, తీవ్ర గాయానికి 117.

ప్రాసిక్యూషన్ అనుమతి (విధుల్లో చేసిన పనికి పోలీసుపై కోర్టులో కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి) దగ్గరే ఇలాంటి కేసులు ఏళ్లతరబడి ఆగుతాయి. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 218వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. పరిహారం కావాలంటే అమరావతి హైకోర్టులో రిట్ వేయాలి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే.

‘ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే 132 కేసు చూసుకుంటాం’ అని కబురు రావచ్చు. లాయరు చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. షాపతని ఫోన్ సంగతి మాత్రం ఈ రాత్రికే చూసుకోండి.