ఇన్సూరెన్స్ లేదని డాక్టర్‌కు చెప్పాలా?

ప్రశ్న: మా అక్కకు రొమ్ము క్యాన్సర్, హెర్‌2 పాజిటివ్ అన్నారు. ఇన్సూరెన్స్ లేదు. ఆ మాట చెబితే సరిగా చూడరేమోనని భయం. జబ్బు సంగతి దాచి ఇప్పుడే పాలసీ తీసుకోమంటున్నారు కొందరు. నా రిటైర్మెంట్ డబ్బు మొత్తం తీసేయనా?

జవాబు: పాలసీ ఆలోచన మానేయండి. బయాప్సీ రిపోర్టు మీద తేదీ ఉంటుంది, క్లెయిమ్ పెట్టిన రోజు కంపెనీ వెతికేది ఆ తేదీనే. తప్పొప్పులు పక్కన పెట్టినా, కట్టిన ప్రీమియం కూడా దండగ.

డాక్టర్‌కు మాత్రం మొదటి రోజే చెప్పండి. మీ భయం ఉత్తదేం కాదు. ప్రాణం మీదికొస్తే చేర్చుకోవాలనే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి గానీ, నెలల తరబడి సాగే కీమోకు అవి సాధారణంగా పనికిరావు. జబ్బు ముదిరి ఎమర్జెన్సీ అయితే చేర్చుకుంటారు, ముందుగా వెళితే డిపాజిట్ అడుగుతారు. నాకైతే ఇది అన్యాయమే. అయినా దాచి లాభం లేదు. మీ పరిస్థితి తెలియకపోతే చవకైన దారి ఉన్నా డాక్టర్‌కు అది తట్టదు.

ఉదాహరణకు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్. హెర్‌2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే క్యాన్సర్‌కు వాడే మందు ఇది. మీ అక్కలాంటి వాళ్లకు మూడు వారాలకోసారి, మామూలుగా ఏడాది పాటు ఇస్తారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే డబ్బున్నవాళ్ల మందు కాదది. దాని బయోసిమిలర్‌కూ, అంటే అదే పని చేసేలా వేరే కంపెనీ తయారుచేసే, సాధారణంగా చవకైన మందుకూ, 2019లో ఆ సంస్థ గుర్తింపు వచ్చింది. ఆరు నెలలిచ్చినా ఫలితం పెద్దగా తగ్గలేదని అదే ఏడాది బ్రిటన్‌లో పెర్సెఫోనీ అధ్యయనం చెప్పింది. అందరు డాక్టర్లూ దాన్ని ఒప్పుకోరు. అక్క విషయంలో తేల్చాల్సింది డాక్టరే, కానీ అడగాల్సింది మీరు. విసుక్కుంటే ఇంకో డాక్టర్‌ను కలవండి.

సర్జరీ, కీమో, రేడియేషన్, స్కాన్లు, ఈ మందు వల్ల మధ్యమధ్యలో చేయించే గుండె ఎకో, అన్నీ కలిపి చివరిదాకా అయ్యే అంచనా రాయించుకోండి. రానుపోను ఖర్చులు, పోయే జీతం మీరు కలుపుకోండి. మొదటి రెండు నెలలు ప్రత్యేక గదికి డబ్బు పోసి, ఎనిమిదో నెలలో ఇంజెక్షన్‌కు అప్పు వెతుక్కున్నవాళ్లను చూశాను.

చికిత్స మొదలుకాకముందే హాస్పిటల్ సోషల్ వర్కర్‌ను కలవండి. ప్రభుత్వ పథకాలు, ట్రస్టులు, మందుల కంపెనీల సాయం, అన్నీ అడగండి. కొన్ని చోట్ల ముందే అనుమతి ఉండాలి, తర్వాత బిల్లులు పట్టుకెళితే ఇవ్వరు.

రిటైర్మెంట్ డబ్బు ఒక్కసారిగా తీయకండి. ఈ లెక్కలు వేసేటప్పుడు అక్కనూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమెకు తెలియకుండా మీరు ఎంత తీసినా, తెలిసిన రోజు చికిత్స వద్దనేస్తుంది. అంచనా చేతికొచ్చాక ఆ అంకెలు, మీ వయసు, ఉన్న అప్పులు రాసి పంపండి. ఏ నెలలో ఎంత తీయాలో అప్పుడు చూద్దాం.